రేడియో స్కానింగ్ మొదలుపెట్టడం ఎలా: అనంతపురం మిద్దె మీద నుంచి ఒక సమగ్ర మార్గదర్శి

రేడియో స్కానింగ్ అంటే పౌనఃపున్యాల వెంట వరుసగా వెదుకుతూ పోయి, ఎక్కడ సిగ్నల్ తగిలితే అక్కడ ఆగి వినడం. స్కానర్ అనే పరికరం ఈ పనిని తనంతట తానే చేస్తుంది. ఒక ఛానెల్‌ను చూస్తుంది, అక్కడ ఏమీ లేకపోతే మరుక్షణంలో తరువాతి దానికి వెళ్తుంది, మాట వినబడితే ఆగుతుంది, ఆ మాట ముగిసిన కొద్ది సెకన్లకు మళ్లీ బయలుదేరుతుంది. ఇదే పనిని వేలితో డయల్ తిప్పుతూ ఇంట్లోని ట్రాన్సిస్టర్ మీద కూడా చేయవచ్చు, కంప్యూటర్‌కు తగిలించిన చిన్న యూఎస్‌బీ పరికరంతోనూ చేయవచ్చు.

ఈ అభిరుచికి రాయలసీమ మంచి చోటు. విశాలమైన మిద్దెలు ఉన్నాయి, ఏడాదిలో ఎక్కువ రోజులు తేటగా ఉండే ఆకాశం ఉంది, ఊరు దాటి పది నిమిషాలు పోతే రేడియో దృష్ట్యా నిశ్శబ్దంగా ఉండే చేలు ఉన్నాయి. ఇబ్బందులూ లేకపోలేదు, కడప చుట్టూ కొండలు అడ్డు, అనంతపురం నేల ఎండు నేల, ఇంటింటికీ వస్తున్న సోలార్ ఇన్వర్టర్ల నుంచి పుట్టే గరగర ఒకటి. వీటన్నిటికీ ఉపాయాలు ఉన్నాయి. అయితే ఒక విషయాన్ని ముందే గట్టిగా చెప్పదలిచాను. ఇందులో ఖరీదైన పెట్టె కంటే ఏరియల్ ముఖ్యం, ఏరియల్ కంటే ఏ వేళకు ఏది వినాలో తెలియడం ముఖ్యం, ఆ తెలివి వినగా వినగా తప్ప మరో దారిలో రాదు. అందువల్ల ఈ మార్గదర్శిలో కొనుగోలు సంగతి మధ్యలో వస్తుంది, మొదట్లో రాదు.

ముందుగా చట్టం

1933 నాటి వైర్‌లెస్ టెలిగ్రఫీ చట్టం కింద మన దేశంలో ఇంట్లో రేడియో పెట్టుకోవడానికి కూడా లైసెన్సు అవసరమయ్యేది. పోస్టాఫీసులో ఏటా రుసుము కట్టి, లైసెన్సు పుస్తకంలో స్టాంపు వేయించుకున్న పెద్దలు ఇప్పటికీ మన ఇళ్లలో ఉన్నారు. 1980ల మధ్యలో ఆ రుసుమును తీసివేశారు కాబట్టి, ప్రసార కేంద్రాలను వినడానికి నేడు ఎవరి అనుమతీ అక్కరలేదు.

ప్రజల కోసం కాక ఒకరి నుంచి మరొకరికి పోయే సందేశాల సంగతి పూర్తిగా వేరు. 2023 నాటి టెలికమ్యూనికేషన్ల చట్టం ప్రకారం సందేశాలను చట్టవిరుద్ధంగా మధ్యలో పట్టుకోవడం నేరం. దానికి మూడేళ్ల వరకు జైలు గానీ, రెండు కోట్ల రూపాయల వరకు జరిమానా గానీ, రెండూ గానీ విధించవచ్చు. అమెరికా వంటి దేశాల్లో స్కానర్ శ్రోతలు పోలీసు, అగ్నిమాపక శాఖల మాటలు వింటూ కూర్చున్న వీడియోలను చూసి ఇక్కడ అదే పని చేయబోవడం ప్రమాదకరం. పోలీసు, రైల్వే, రక్షణ, విద్యుత్ శాఖల ఛానెళ్ల జోలికి పోకూడదు. అనుకోకుండా చెవిన పడితే డయల్ ముందుకు తిప్పాలి, విన్నదాన్ని రికార్డు చేయకూడదు, ఇంకొకరికి చెప్పకూడదు.

విమానాల సంభాషణ 118 నుంచి 137 మెగాహెర్ట్జ్ మధ్య ఏఎం పద్ధతిలో సాగుతుంది. ఓర్వకల్లులో కర్నూలు విమానాశ్రయం 2021లో మొదలైన తరువాత, కడప, పుట్టపర్తి విమానాశ్రయాలు కూడా ఉన్నందున, దాన్ని వినవచ్చా అని కుర్రవాళ్లు తరచూ అడుగుతారు. అది పైలట్‌కూ కంట్రోల్ టవర్‌కూ మధ్య జరిగే మాట, ప్రజలకు చేసే ప్రసారం కాదు. అందుకే దాన్ని ఈ మార్గదర్శిలో చేర్చలేదు. ప్రసార కేంద్రాలు, హామ్ రేడియో (లైసెన్సు పొందిన ఔత్సాహికులు తమలో తాము మాట్లాడుకునే రేడియో), కాలసంకేతాలు, అందరూ పట్టుకోవడానికి వదిలిన ఉపగ్రహ సంకేతాలు అనే నాలుగింటితోనే ఏళ్ల తరబడి వినదగినంత సంపద ఉంది.

మరొక హెచ్చరిక వాకీటాకీల గురించి. తక్కువ ధరకు దొరికే చేతి సెట్లలో స్కానింగ్ సదుపాయం ఉన్న మాట నిజమే కానీ, అవి ప్రసారం కూడా చేస్తాయి. లైసెన్సు లేనివారి దగ్గర అటువంటిది ఉండకూడదు. ఆన్‌లైన్ అంగళ్లలో వీటి అక్రమ అమ్మకాలను అరికట్టడానికి కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2025లో ప్రత్యేక మార్గదర్శకాలను కూడా తెచ్చింది. స్వీకరించడం మాత్రమే చేసే పరికరాన్నే ఎంచుకోవాలి.

మొదటి మెట్టు: అటక మీది ట్రాన్సిస్టర్

ఇంట్లో మీడియం వేవ్ ఉన్న పాత ట్రాన్సిస్టర్ ఉంటే దించి, దుమ్ము దులిపి, కొత్త బ్యాటరీలు వేయండి. అడాప్టర్ వాడవద్దు, బ్యాటరీ మీదే వినాలి. మొదటి రెండు వారాలు దీనితోనే గడపమని నా సలహా. రేడియో తరంగం గురించి పుస్తకాలు చెప్పేదాంట్లో సగం ఈ చిన్న పెట్టె చేతికి నేర్పుతుంది.

ఆకాశవాణి కడప కేంద్రం 900 కిలోహెర్ట్జ్ మీద 100 కిలోవాట్ల శక్తితో ప్రసారం చేస్తుంది. బెంగళూరు కేంద్రం 612 మీద ఉంటుంది. అనంతపురంలో ఉన్నవారికి ఈ రెండూ పాఠం నేర్పడానికే ఏర్పడినట్టుగా ఉన్నాయి, ఎందుకంటే కడప మనకు దాదాపు తిన్నగా తూర్పున, సుమారు 130 కిలోమీటర్ల దూరంలో ఉంది. బెంగళూరు తిన్నగా దక్షిణాన ఉంది. ట్రాన్సిస్టర్ లోపల, సాధారణంగా పైఅంచు వెంబడి అడ్డంగా, రాగి తీగ చుట్టిన నల్లని ఫెర్రైట్ కడ్డీ ఒకటి ఉంటుంది. మీడియం వేవ్‌కు అదే ఏరియల్. ఆ కడ్డీ పక్కల నుంచి వచ్చే తరంగాన్ని బాగా పట్టుకుంటుంది, కొసల వైపు నుంచి వచ్చేదాన్ని దాదాపు వదిలేస్తుంది.

పగటిపూట మిద్దె మీదికి వెళ్లి 900 మీద కడపను పెట్టండి. సెట్టు ముఖం తూర్పుకు తిప్పితే కడ్డీ ఉత్తర దక్షిణాలుగా నిలుస్తుంది, కడప గట్టిగా వస్తుంది. ఇప్పుడు సెట్టును నెమ్మదిగా దక్షిణానికి తిప్పండి. కడ్డీ కొస కడప వైపు మళ్లగానే శబ్దం కుంగిపోతుంది. అదే స్థితిలో 612కు జరిపితే బెంగళూరు నిండుగా వినిపిస్తుంది. శబ్దం అన్నిటికంటే సన్నగిల్లే ఆ కోణాన్ని పట్టుకోవడం మంచి అభ్యాసం, ఎందుకంటే గరిష్ఠం కంటే కనిష్ఠం చాలా ఖచ్చితంగా దిక్కు చూపిస్తుంది. కర్నూలు, కడపలలో ఉన్నవారు పటంలో దిక్కులు చూసుకుని ఇదే ప్రయోగాన్ని చేయవచ్చు. అయితే కడప పట్టణంలో 900 బలం మరీ ఎక్కువగా ఉండి పక్క పౌనఃపున్యాల మీదికి కూడా పాకుతుంది కాబట్టి, దాన్ని కడ్డీ కొసతో అణచి మిగతావి వినడం వారికి మొదటి పాఠం అవుతుంది.

రెండవ ప్రయోగం పగలూ రాత్రీ తేడాను పట్టుకోవడం. విజయవాడ 837, హైదరాబాద్ 738, చెన్నై 720 కిలోహెర్ట్జ్ మీద ఉంటాయి. మధ్యాహ్నం ఒంటిగంటకు ఒకసారి, రాత్రి ఎనిమిదికి ఒకసారి, ప్రసారం ఉన్న వేళ చూసుకుని మూడింటినీ వినండి. పగటి ఎండలో వాతావరణపు పైపొరల్లో, అంటే అయనోవరణంలో, డి పొర అనేది ఏర్పడి మీడియం వేవ్‌ను పీల్చేస్తుంది. నేల వెంబడి వచ్చే తరంగం మాత్రమే మనకు అందుతుంది. పొద్దుగూకగానే ఆ పొర కరిగిపోతుంది, ఇంకా పైనున్న పొరలు తరంగాన్ని వెనక్కి వంచి వందల కిలోమీటర్ల అవతల దించుతాయి. మధ్యాహ్నం వినబడీ వినబడని కేంద్రం రాత్రి పక్క వీధిలో ఉన్నట్టు పలికి, అంతలోనే మసకబారి, మళ్లీ తేరుకోవడాన్ని చెవితో గుర్తుపట్టడం వస్తే షార్ట్‌వేవ్ సగం వచ్చినట్టే.

డిజిటల్ డయల్ ఉన్న సెట్టు అయితే మీడియం వేవ్ అడుగు 9 కిలోహెర్ట్జ్‌గా ఉందో లేదో చూసుకోవాలి. మన దేశంలో కేంద్రాలన్నీ 9తో భాగించబడే అంకెల మీదే ఉంటాయి. అమెరికా కోసం తయారైన సెట్టులో అడుగు 10గా ఉండి, 612, 738 వంటివి సరిగా పడవు.

రెండవ మెట్టు: ఇంటి గరగరను వేటాడటం

కొత్త శ్రోతలలో చాలామంది సెట్టు బాగాలేదని, ఏరియల్ చాలదని అనుకుంటారు. అసలు దోషం నూటికి తొంభై పాళ్లు ఇంట్లోనే ఉంటుంది. ఎల్‌ఈడీ బల్బులు, సెల్‌ఫోన్ చార్జర్లు, టీవీ సెట్‌టాప్ బాక్సు, ఇన్వర్టర్, వైఫై రూటర్ అడాప్టర్ ఇవన్నీ కరెంటును సెకనుకు వేలసార్లు తెగ్గొట్టి వాడే రకాలు. ఆ తెగగొట్టడం వల్ల పుట్టే అల్లరి మొత్తం మీడియం వేవ్, షార్ట్‌వేవ్‌ల మీద పడుతుంది.

దీనికి మంచి తరుణం కరెంటు పోయినప్పుడు. వీధి మొత్తం చీకటి పడ్డ ఆ నిమిషాన ట్రాన్సిస్టర్ పెట్టి, ఏ కేంద్రమూ లేని ఒక ఖాళీ చోట వినండి. సన్నని గాలి వంటి సవ్వడి మాత్రమే ఉంటుంది. మీ ఊరి ఆకాశం అసలు నిశ్శబ్దం అది, దాన్ని గుర్తుపెట్టుకోవాలి. కరెంటు వచ్చిన తరువాత ఎంత పెరిగిందో పోల్చుకోండి. తరువాత ఇంటి మెయిన్ స్విచ్ తీసి చూడాలి. గరగర పోతే దొంగ మన ఇంట్లోనే ఉన్నాడు. ఒక్కొక్క స్విచ్ వేస్తూ పోతే దొరికిపోతాడు. పోకపోతే పక్కింటిదో, వీధి తీగలదో.

సోలార్ ఇన్వర్టర్ అల్లరిని గుర్తించడం సులభం. పొద్దున ఎండ పడగానే మొదలై సాయంత్రం ఆగిపోతుంది. అటువంటి వీధిలో ఉన్నవారు షార్ట్‌వేవ్‌ను రాత్రికీ తెల్లవారుజాముకూ ఉంచుకోవడమే మేలు. పదకొండు కేవీ లైన్ల మీద పగిలిన పింగాణీ ఇన్సులేటర్ల దగ్గర పుట్టే నిప్పురవ్వలు ఎడతెగని బరబరగా వినిపిస్తాయి, గాలి పొడిగా ఉన్న ఎండాకాలంలో ఇది హెచ్చుతుంది, వాన కురిసి దుమ్ము కడుక్కుపోయాక తగ్గుతుంది. చేతిలోని ట్రాన్సిస్టర్‌తో వీధి వెంట నడిస్తే ఏ స్తంభం దగ్గర ఎక్కువో తెలుస్తుంది. స్తంభం నంబరు రాసుకుని లైన్‌మన్‌కు చెప్పాలి తప్ప స్తంభాన్ని కొట్టడం, కదపడం వంటివి ఎంతమాత్రం చేయకూడదు.

మూడవ మెట్టు: ఫోనులోనే విదేశీ రిసీవర్

పైసా ఖర్చు లేకుండా నిజమైన రిసీవర్‌ను తిప్పి నేర్చుకునే మార్గం ఇది. నెదర్లాండ్స్‌లోని ట్వెంటే విశ్వవిద్యాలయం 2008 నుంచి ఒక రిసీవర్‌ను ఇంటర్నెట్‌లో అందరికీ తెరిచి ఉంచింది. వెబ్‌ఎస్‌డీఆర్ అని వెతికితే వస్తుంది. ఎస్‌డీఆర్ అంటే ఎక్కువ పనిని సాఫ్ట్‌వేర్‌తో చేసే రేడియో. కివీఎస్‌డీఆర్ అనే పేరుతో ప్రపంచమంతటా ఇటువంటివి వందలుగా ఉన్నాయి. ఫోను బ్రౌజరులో తెరవగానే నీలిరంగు తెర మీద సిగ్నళ్లు గీతలుగా కిందికి జారుతూ కనిపిస్తాయి. దీన్ని వాటర్‌ఫాల్ అంటారు.

ఇక్కడ నేర్చుకోవలసింది పద్ధతుల తేడా. షార్ట్‌వేవ్ ప్రసార కేంద్రాలు చాలావరకు ఏఎంలో ఉంటాయి. తెర మీద నడుమ ఒక గట్టి గీత, ఇరువైపులా సమానమైన రెక్కలు కనిపిస్తాయి. హామ్‌లు వాడే ఎస్‌ఎస్‌బీలో (సింగిల్ సైడ్‌బ్యాండ్) నడిమి గీత ఉండదు, ఒక రెక్క మాత్రమే ఉంటుంది. ఏఎంలో పెట్టి వింటే బాతు అరుపులాగా వినిపిస్తుంది. 10 మెగాహెర్ట్జ్‌కు దిగువన ఎల్‌ఎస్‌బీ (కింది రెక్క), ఎగువన యూఎస్‌బీ (పై రెక్క; కంప్యూటరు యూఎస్‌బీ కాదు) పెట్టి, మనిషి గొంతు సహజంగా పలికేదాకా కొంచెం కొంచెంగా జరపాలి. ఈ జరపడం చేతికి వచ్చేవరకు డబ్బు ఖర్చు పెట్టవద్దు.

నాలుగవ మెట్టు: ఏది కొనాలి

మూడు దారులున్నాయి. మొదటిది షార్ట్‌వేవ్‌తో పాటు ఎస్‌ఎస్‌బీ కూడా ఉన్న చేతి రేడియో. టెక్‌సన్, ఎక్స్‌హెచ్‌డేటా వంటి కంపెనీల సెట్లు ఈ కోవలోవి. ఎక్కడికైనా పట్టుకుపోవచ్చు, కంప్యూటరు అక్కరలేదు, చేనుగట్టు మీద కూర్చుని వినవచ్చు. ఎస్‌ఎస్‌బీ లేని షార్ట్‌వేవ్ సెట్టు మాత్రం కొనవద్దు, సగం ప్రపంచం దానికి మూగగానే ఉంటుంది.

రెండవది ఆర్‌టీఎల్‌-ఎస్‌డీఆర్. పెన్‌డ్రైవ్ అంత పరికరం ఇది. టీవీ ప్రసారాలు చూడటానికి తయారైన ఆర్‌టీఎల్2832యూ చిప్ ముడి సంకేతాన్ని కూడా కంప్యూటరుకు పంపగలదని 2012లో కొందరు ఔత్సాహికులు కనిపెట్టడంతో, అంతకుముందు లక్షల విలువ చేసిన పని కొన్ని వేలలోకి దిగివచ్చింది. సుమారు 24 నుంచి 1,766 మెగాహెర్ట్జ్ వరకు వింటుంది, ఒకేసారి 2.4 మెగాహెర్ట్జ్ వెడల్పు తెర మీద చూపిస్తుంది. ఆర్‌టీఎల్‌-ఎస్‌డీఆర్ బ్లాగ్ వి3, వి4 రకాలు షార్ట్‌వేవ్‌ను కూడా పట్టుకుంటాయి. నకిలీలు విరివిగా ఉన్నాయి కాబట్టి అమ్మేవారిని చూసి కొనాలి.

మూడవది అసలైన చేతి స్కానర్. విదేశాల్లో దాని విలువ పోలీసు, విమాన ఛానెళ్ల వల్ల వచ్చింది. అవి రెండూ మనకు వద్దనుకున్నాక అంత డబ్బు పెట్టడంలో అర్థం లేదు. కంప్యూటరు ఉన్నవారు రెండవదాన్ని, లేనివారు మొదటిదాన్ని తీసుకుంటే చాలు.

ఐదవ మెట్టు: ఏరియల్

షార్ట్‌వేవ్‌కు పది పదిహేను మీటర్ల ఇంటి వైరింగ్ తీగ చాలు. మిద్దె మీది పిట్టగోడకు కట్టిన వెదురు గడ నుంచి ఎదుటి వేపచెట్టుకో కొబ్బరిచెట్టుకో లాగి, రెండు కొసలా పీవీసీ పైపు ముక్కలను ఇన్సులేటర్లుగా వాడాలి. చెట్టు గాలికి ఊగుతుంది కాబట్టి ఆ కొసన కొంత వదులు ఉంచాలి. తీగ కరెంటు లైను మీదుగా గానీ కిందుగా గానీ పోకూడదు. తెగి పడినా లైనును తాకనంత ఎడం ఉండాలి. చేతి రేడియో అయితే తీగ కొసను దాని కడ్డీకి క్లిప్పుతో తగిలించడమే. తీగ మరీ పొడవైతే చిన్న సెట్టు సిగ్నళ్ల బలానికి తట్టుకోలేక కేంద్రాలను ఒకదాని మీద ఒకటి కలిపేస్తుంది, అప్పుడు తీగను కురచ చేయాలి. ఆర్‌టీఎల్‌కు అయితే మధ్యలో తీగకూ కేబుల్‌కూ పొంతన కుదిర్చే 9:1 ట్రాన్స్‌ఫార్మర్ పెట్టి కోయాక్సియల్ కేబుల్‌తో దించాలి.

పుస్తకాలన్నీ ఎర్త్ రాడ్ పాతమంటాయి. అనంతపురం వంటి, ఏటా సగటున 550 మిల్లీమీటర్ల దరిదాపు వాన మాత్రమే పడే జిల్లాలో, ఎండిన రాతినేలలో పాతిన రాడ్ వేసవిలో దాదాపు నిరుపయోగం. దానికి బదులు ఏరియల్ అంత పొడవున్న రెండో తీగను మిద్దె గచ్చు మీద పరిచి ట్రాన్స్‌ఫార్మర్ ఎర్త్ పిన్నుకు కలిపితే అంతకంటే బాగా పనిచేస్తుంది. పిడుగుల నుంచి రక్షణకు వేసే ఎర్త్ వేరే సంగతి, దాన్ని దీనితో కలపకూడదు.

100 మెగాహెర్ట్జ్ పైన కథ మారుతుంది. అక్కడ పొడవు కాదు, ఎత్తు ముఖ్యం. తరంగం చూపు సాగినంత మేర కంటే కొంచెం ఎక్కువ దూరం మాత్రమే పోతుంది. రెండు కొసల ఎత్తులను మీటర్లలో తీసుకుని, వాటి వర్గమూలాలను కూడి, 4.12తో గుణిస్తే ఆ దూరం కిలోమీటర్లలో వస్తుంది. మన ఏరియల్ 9 మీటర్ల ఎత్తున, ప్రసార టవర్ 100 మీటర్ల ఎత్తున ఉంటే సుమారు 54 కిలోమీటర్లు అన్నమాట. ఈ లెక్క కొండ అడ్డు లేనప్పటిది. పాలకొండల నీడన ఉన్నవారికి ఇంకా తగ్గుతుంది, పెనుకొండ కొండ మీదో గుత్తి కోట మీదో నిలబడ్డవారికి ఎంతో పెరుగుతుంది.

ఈ పౌనఃపున్యాలకు డైపోల్‌ను, అంటే రెండు కడ్డీల ఏరియల్‌ను, ఇంట్లోనే చేసుకోవచ్చు. పాత టీవీ యాంటెన్నా అల్యూమినియం కడ్డీలు రెండు తీసుకుని, ఒక్కొక్కటి 49 సెంటీమీటర్లకు కోసి, మధ్యలో పీవీసీ ముక్కకు బిగించి, ఒకదానికి కేబుల్ నడిమి తీగను, రెండోదానికి పైనున్న జాలీని కలిపితే 145 మెగాహెర్ట్జ్‌కు సరిపోయే ఏరియల్ తయారు. ఏ పౌనఃపున్యానికైనా ఒక కడ్డీ పొడవు కావాలంటే 71ని మెగాహెర్ట్జ్‌తో భాగిస్తే మీటర్లలో వస్తుంది. డిష్ కేబుల్‌గా దొరికే ఆర్‌జీ-6 వినడానికి చాలు, కానీ పొడవు ఎంత తగ్గిస్తే అంత మంచిది.

ఏప్రిల్, మే నెలల సాయంత్రపు ఉరుముల వానలలోనూ, సెప్టెంబరు, అక్టోబరులలోనూ ఏరియల్ తీగను వినడం అయిపోగానే రేడియో నుంచి విప్పి ఇంటి బయటే ఉంచండి. మెరుపు కనబడ్డాక విప్పడానికి లేవడం ఆలస్యం చేసినట్టే. ఆకాశంలో మబ్బు లేకపోయినా, ఫట్ ఫట్‌మని చప్పుళ్లు సెట్టులో దగ్గరదగ్గరగా రావడం మొదలైతే పిడుగులు ఎక్కడో దగ్గరలో పడుతున్నాయని గుర్తు.

ఆరవ మెట్టు: ఆర్‌టీఎల్‌ను నడిపించడం

విండోస్ కంప్యూటరులో ముందుగా ఎస్‌డీఆర్‌షార్ప్ గానీ ఎస్‌డీఆర్‌ప్లస్‌ప్లస్ గానీ దించుకోవాలి. పరికరం పెట్టగానే విండోస్ దానికి టీవీ డ్రైవరును తగిలిస్తుంది, అది పనికిరాదు. జాడిగ్ అనే చిన్న ప్రోగ్రామును నడిపి, అన్ని పరికరాలనూ చూపమని ఎంచుకుని, వరుసలో బల్క్‌-ఇన్, ఇంటర్‌ఫేస్ 0 అన్నదానికి విన్‌యూఎస్‌బీ డ్రైవరు ఎక్కించాలి. వేరే వరుసను ఎంచుకుంటే కీబోర్డో మౌసో మూగబోతుంది కాబట్టి పేరు రెండుసార్లు చదువుకుని నొక్కాలి.

తరువాత ప్రోగ్రాము తెరిచి ఎఫ్‌ఎం వెడల్పు పద్ధతిలో 101.7 మెగాహెర్ట్జ్‌కు, అంటే ఆకాశవాణి అనంతపురం ఎఫ్‌ఎంకు వెళ్లండి. అది పలికితే అన్నీ సరిగా ఉన్నట్టే. ఇక గెయిన్, అంటే వచ్చిన సిగ్నల్‌ను ఎంత పెంచాలన్న సంగతి. ఆటోమేటిక్ గెయిన్ తీసేసి సున్నా నుంచి నెమ్మదిగా పెంచండి. సిగ్నళ్లు లేస్తూ ఉంటాయి. ఒక చోటికి వచ్చాక సిగ్నల్‌తో పాటు తెర అడుగున గడ్డిలా కనిపించే గరగర కూడా సమానంగా లేస్తుంది. అక్కడే ఆగి ఒక మెట్టు దించాలి. అంతకు మించి పెంచితే లేని కేంద్రాలు దయ్యాల్లా తెర నిండా పుట్టుకొస్తాయి. ఎఫ్‌ఎం టవర్లకు దగ్గరలో ఉన్నవారికి 88 నుంచి 108 మెగాహెర్ట్జ్‌ను అడ్డుకునే ఫిల్టరు పెట్టడం తప్పనిసరి అవుతుంది.

స్క్వెల్చ్ అనేది స్కానింగ్‌కు ప్రాణం. ఏమీ లేనప్పుడు వచ్చే హోరును అది మూసివేస్తుంది. హోరు ఆగిన చోటు నుంచి వెంట్రుకవాసి పైన పెట్టాలి. మరీ బిగిస్తే బలహీనమైన మాటలు తలుపు బయటే ఉండిపోతాయి.

ఏడవ మెట్టు: ఎప్పుడు, ఎక్కడ, ఏమి

షార్ట్‌వేవ్‌లో పెద్ద సూత్రం ఒకటే. పగలు 13 మెగాహెర్ట్జ్ పైన, రాత్రి 10 మెగాహెర్ట్జ్ కింద వెతకాలి. రాత్రిపూట 5,900 నుంచి 6,200, 7,200 నుంచి 7,450, 9,400 నుంచి 9,900 కిలోహెర్ట్జ్ వరకు నిదానంగా నడవండి. బీబీసీ, చైనా అంతర్జాతీయ రేడియో, ఆకాశవాణి విదేశీ విభాగం వంటివి భాష మారుస్తూ తగులుతాయి. ఒకప్పుడు మన ఇళ్లలో రేడియో సిలోన్ తెలుగు కార్యక్రమాలను, అక్కడి వ్యాఖ్యాత మీనాక్షి పొన్నుదురై గారి గొంతును పట్టుకోవడానికి పెద్దలు ముల్లును వెంట్రుకంత జరిపింది షార్ట్‌వేవ్ మీదే. ఇప్పుడు కేంద్రాలు తగ్గిన మాట నిజం, దానివల్ల దూరపు బలహీన కేంద్రాలకు చోటు దొరికిందన్నదీ నిజం.

10 మెగాహెర్ట్జ్ మీద చైనా కాలసంకేత కేంద్రం బీపీఎం సెకన్లను టిక్కుటిక్కుమని కొడుతుంది. ఆర్‌టీఎల్ పౌనఃపున్యం ఎంత పక్కకు జరిగిందో దిద్దుకోవడానికి అది మంచి ఆధారం.

నాకు అన్నిటికంటే ఇష్టమైనది హామ్‌ల బీకన్ వ్యవస్థ, అంటే తరంగానికి ఎటు దారి ఉందో తెలియడానికి వంతులవారీగా సంకేతాలు పంపే కేంద్రాల వరుస. 14.100, 18.110, 21.150, 24.930, 28.200 మెగాహెర్ట్జ్‌ల మీద ప్రపంచంలోని 18 చోట్లకు వంతులు కేటాయించారు. ఒక్కొక్కటి పది సెకన్ల పాటు మోర్స్‌లో తన పేరు పలికి, నాలుగు నిడివి గీతలు పంపుతుంది. మొదటి గీత 100 వాట్లది, తరువాతివి 10, 1, 0.1 వాట్లవి. మూడు నిమిషాలకు వంతు మళ్లీ మొదటికొస్తుంది. కొలంబోలోని 4ఎస్7బి, జపాన్, కెన్యా, ఆస్ట్రేలియా, ఫిన్లాండ్ బీకన్లు ఈ జాబితాలో ఉన్నాయి. కొన్ని అప్పుడప్పుడు మూగబోతుంటాయి. గడియారం చూసి ఎవరి వంతో తెలుసుకోవచ్చు కాబట్టి మోర్స్ రానివారు కూడా ఏ ఖండానికి దారి తెరుచుకుందో ఆ మూడు నిమిషాల్లో చెప్పగలరు. టార్చి బల్బు కంటే చిన్న శక్తి అయిన 0.1 వాట్ గీత సముద్రాలు దాటి చెవిన పడ్డ రోజున ఈ అభిరుచి మనిషిని వదలదు.

మన దేశపు హామ్‌లు 7.0 నుంచి 7.2 మెగాహెర్ట్జ్ మధ్య ఎల్‌ఎస్‌బీలో ఉదయం పూట ఎక్కువగా మాట్లాడుకుంటారు. వీయూ2, వీయూ3తో మొదలయ్యే కాల్‌సైన్లు (ఒక్కొక్క హామ్‌కు ఇచ్చే గుర్తింపు పేర్లు) మన దేశానివి. 7.074, 14.074 మీద వినిపించే సన్నని ఈల వంటి మోత ఎఫ్‌టీ8 అనే డిజిటల్ పద్ధతి. డబ్ల్యూఎస్‌జేటీ‌-ఎక్స్ ప్రోగ్రాముకు ఆ శబ్దాన్ని అందిస్తే పదిహేను సెకన్లకొకసారి కాల్‌సైన్లు తెర మీద రాస్తుంది. కంప్యూటరు గడియారం సెకను తేడా కూడా లేకుండా ఉండాలి.

అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం 145.800 మెగాహెర్ట్జ్ మీద, సన్న ఎఫ్‌ఎంలో హామ్‌లతోనూ బడిపిల్లలతోనూ మాట్లాడుతుంది. 2025లో వ్యోమగామి శుభాంశు శుక్లా అక్కడి నుంచి మన దేశపు విద్యార్థులతో హామ్ రేడియోలోనే మాట్లాడారు. కేంద్రం సుమారు 400 కిలోమీటర్ల ఎత్తున 93 నిమిషాలకొక చుట్టు తిరుగుతుంది. మన తల మీదుగా పోయేటప్పుడు పది నిమిషాల లోపే వినిపిస్తుంది. ఎప్పుడు వస్తుందో హెవెన్స్ ఎబవ్ వంటి వెబ్‌సైట్లలో అనంతపురం అని పెట్టి చూసుకోవాలి. దగ్గరకు వస్తున్నప్పుడు దాదాపు 3.5 కిలోహెర్ట్జ్ పైకి, దూరమవుతున్నప్పుడు అంతే కిందికి సిగ్నల్ జరుగుతుంది. అప్పుడప్పుడు అదే పౌనఃపున్యం మీద చిత్రాలను శబ్దరూపంలో పంపుతారు; ఫోనులో రోబోట్36 యాప్ తెరిచి రేడియో పక్కన పెడితే గీత తరువాత గీతగా బొమ్మ దిగుతుంది.

వాతావరణ చిత్రాలు కావాలనుకునేవారు ఒక సంగతి గమనించాలి. పాత వీడియోలన్నీ నోవా 15, 18, 19 ఉపగ్రహాల గురించే చెబుతాయి. ఆ మూడింటినీ 2025లో ఆపేశారు. ఇప్పుడు రష్యా వారి మెటియోర్-ఎం వరుస ఉపగ్రహాలు 137.9, 137.1 మెగాహెర్ట్జ్ మీద డిజిటల్ చిత్రాలను పంపుతున్నాయి. 53 సెంటీమీటర్ల కడ్డీలు రెండింటిని 120 డిగ్రీల కోణంలో పరిచి, శాట్‌డంప్ ప్రోగ్రాముతో విప్పితే బంగాళాఖాతంలో తిరుగుతున్న వాయుగుండాన్ని మన మిద్దె మీది కడ్డీతోనే చూడవచ్చు.

ఎనిమిదవ మెట్టు: రాసుకోవడం

ఒక గీతల నోటుపుస్తకం పెట్టుకుని తేదీ, వేళ, పౌనఃపున్యం, పద్ధతి, విన్నది, ఏరియల్ ఏది అన్నవి రాయండి. వేళను యూటీసీలో, అంటే ప్రపంచమంతా ఒకటిగా వాడే కాలమానంలో రాయాలి. మన గడియారం నుంచి ఐదున్నర గంటలు తీసేస్తే అది వస్తుంది. తెల్లవారుజామున అయిదున్నరకు ముందు విన్నవాటికి తేదీ కూడా ముందురోజుది అవుతుందని మరచిపోకూడదు.

నాణ్యతను సిన్పో అనే అయిదంకెల పద్ధతిలో రాస్తారు. సిగ్నల్ బలం, పక్క కేంద్రాల జోక్యం, గరగర, మసకబారడం, మొత్తం మీద ఎలా ఉందన్నది అనే అయిదింటికి 1 నుంచి 5 వరకు అంకెలు, 5 ఉత్తమం. ఈ అంకెలతో పాటు కార్యక్రమంలో విన్న రెండు మూడు వివరాలను, పాట పేరో వార్తాంశమో, కలిపి కేంద్రానికి పంపితే చాలామంది క్యూఎస్‌ఎల్ కార్డు, అంటే మీరు విన్నది నిజమేనని ధ్రువీకరించే కార్డు పంపుతారు. విననిదాన్ని విన్నట్టు రాయకూడదు, ఊహించిన కేంద్రం పేరు పక్కన ప్రశ్నార్థకం పెట్టాలి.

వినడంతో తృప్తి తీరక మాట్లాడాలనిపించినవారికి హామ్ లైసెన్సు ఉంది. పన్నెండేళ్లు నిండినవారెవరైనా ఏఎస్‌ఓసీ (అమెచ్యూర్ స్టేషన్ ఆపరేటర్స్ సర్టిఫికెట్) పరీక్ష రాయవచ్చు. రెస్ట్రిక్టెడ్ గ్రేడుకు మోర్స్ అక్కరలేదు, జనరల్ గ్రేడుకు అది కూడా రావాలి. దరఖాస్తు టెలికాం శాఖ వారి సరళ్ సంచార్ పోర్టల్‌లో పెట్టుకోవాలి. 1983లో హైదరాబాద్‌లో ఏర్పడిన జాతీయ అమెచ్యూర్ రేడియో సంస్థ ఈ రంగంలో శిక్షణ ఇస్తుంది. పరీక్షలో అడిగే తరంగదైర్ఘ్యాలు, అయనోవరణ పొరలు, కాల్‌సైన్లు, యూటీసీ లెక్కలు అన్నీ పై మెట్లు ఎక్కినవారి నోటుపుస్తకంలో అప్పటికే ఉంటాయి కాబట్టి, చదవవలసిందల్లా కొంత విద్యుత్ శాస్త్రం, కొన్ని నిబంధనలు మాత్రమే.